సెట్టింగుల తేడాలు బయటపెడితే సీనియర్‌ను బయటపెట్టినట్టేనా?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమె స్వస్థలం హిందూపురం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలో మిడిల్‌వేర్ (అప్లికేషన్లకూ డేటాబేస్‌కూ మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్) అడ్మిన్‌గా అయిదేళ్ల నుంచి పనిచేస్తున్నారు. ఒక ఆర్థిక సంస్థకు చెందిన, అప్లికేషన్లను నడిపే ఐబీఎం వెబ్‌స్పియర్ సర్వర్లను ఆమె జట్టు చూసుకుంటుంది. వెర్షన్ 8.5.5. ప్రొడక్షన్‌లో, అంటే అసలు పని నడిచేచోట, రెండు నోడ్‌ల (సాధారణంగా ఒక్కొక్కటి ఒక యంత్రం) మీద ఒక క్లస్టర్ (పని పంచుకునే సర్వర్ల గుంపు), అందులో నాలుగు సర్వర్లు ఉన్నాయి. పరీక్షల కోసం అదే నమూనాలో చిన్నదిగా ఒక యూఏటీ ఉంది. ఈ సర్వర్ల సెట్టింగులన్నీ మొదటి నుంచీ ఒక్క సీనియర్ చేతి మీదుగానే నడిచాయి. ఆయనది కర్నూలు వైపు, వయసు యాభైకి దగ్గర. ఈమెను ఇంటర్వ్యూకు సిఫారసు చేసిందీ, మొదటి ఏడాది నైట్ షిఫ్టుల్లో ఏ వేళ ఫోన్ చేసినా ఎత్తి ఓపికగా నేర్పిందీ ఆయనే. ఆమె ఆయన్ను ‘అన్నా’ అని పిలుస్తారు. అడ్మిన్ కన్సోల్ తెరిచి, చేత్తో మార్చి, సేవ్ చేసి రావడం ఆయన పద్ధతి. ఏ మార్పు ఎందుకు చేశారన్నది కొంత ఆయన నోటుపుస్తకంలోనూ, ఎక్కువ భాగం ఆయన మనసులోనూ ఉంటుంది.

ఈ మధ్యే వచ్చిన కొత్త మేనేజరు, ఇకపై సెట్టింగులన్నీ ప్రాపర్టీస్ ఫైళ్లలో (పేరు, విలువ జతలుండే టెక్స్ట్ ఫైళ్లలో) ఉండాలనీ, ప్రతి మార్పూ స్క్రిప్టు ద్వారానే జరగాలనీ, ఈ త్రైమాసికం ముగిసేలోగా క్లయింటు ఆడిటర్లకు చూపించాలనీ ఈమెకు పని అప్పగించారు. నాలుగు సర్వర్ల కాన్ఫిగరేషన్‌నూ ఫైళ్లలోకి తీసి పక్కపక్కన పెట్టి పోల్చితే, ఒకేలా ఉండాల్సినవి ఒకేలా లేవని తేలింది. ముఖ్యంగా మూడో సర్వర్. క్లస్టర్ స్థాయిలో ఉన్న డేటా సోర్స్‌కు (డేటాబేస్‌తో కలిపే సెట్టింగుకు) ఏ జేఎన్‌డీఐ పేరు (అప్లికేషన్ దాన్ని వెతుక్కునే పేరు) ఉందో, అదే పేరుతో ఈ సర్వర్ స్థాయిలో విడిగా మరొకటి ఉంది. క్లస్టర్ స్థాయిదానిలో కనెక్షన్ పూల్ (సిద్ధంగా ఉంచుకునే డేటాబేస్ కనెక్షన్ల నిల్వ) గరిష్ఠ పరిమితి 30, దీనిలో 60. అక్కడ ఏజ్డ్ టైమ్‌అవుట్ (కనెక్షన్ వయసు పరిమితి) సున్నా, ఇక్కడ 1500 సెకన్లు. హీప్ (సర్వర్ వాడుకోగల మెమరీ) పరిమాణం కూడా వేరు. నెలాఖరు నివేదికల పని ఎక్కువగా ఈ సర్వర్ మీదే పడుతుందని ఆమెకు తెలుసు గానీ, ఆ పనికీ ఈ తేడాలకూ సంబంధం ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు. మేనేజరు ఆ పోలికను చూసి, వచ్చే శనివారం రాత్రి ఒకటో సర్వర్ ఫైలును మిగతా మూడింటికీ వర్తింపజేసి అన్నిటినీ ఒకేలా చేయమన్నారు. ఏ తేడా ఎవరి వల్ల, ఎప్పుడు వచ్చిందో పట్టిక రాసి ఇమ్మని కూడా అన్నారు.

ఆ పట్టిక సంగతి సీనియర్‌కు తెలిసింది. “తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా చెల్లెమ్మా?” అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆ రోజు నుంచి టీకి పిలవడం లేదు, అడిగినదానికి అవును, కాదు అని మాత్రమే జవాబిస్తున్నారు. ఈమె అమ్మగారేమో, దారి చూపినవాడి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవద్దని హిందూపురం నుంచి రోజూ ఫోన్‌లో చెబుతున్నారు. శనివారం మేనేజరు చెప్పినట్టు చేయవచ్చా, పట్టిక రాయాలా, స్క్రిప్టులు వస్తే అన్న ఉద్యోగం నిజంగానే పోతుందా, ఇదంతా వదిలేసి క్లౌడ్ జట్టుకు బదిలీ అడిగితే తప్పా అని ఆమె అడుగుతున్నారు.

మీరు ముందుగా అడిగిన శనివారం సంగతే నేనూ ముందుగా చెబుతాను, ఎందుకంటే మిగిలినవాటికి ఆలోచించుకునే వ్యవధి ఉంది, దీనికి లేదు. ఒకటో సర్వర్ ఫైలును ఉన్నదున్నట్టు మిగతావాటికి వర్తింపజేస్తే, మేనేజరు కోరుకున్నది జరగదు. ఆయన కోరుకోనివి మాత్రం కొన్ని జరిగే అవకాశం ఉంది. ఈ రెండూ మీరు ఆయనకు సాంకేతిక కారణాలతోనే చెప్పగలరు. సీనియర్ పేరెత్తాల్సిన అవసరం ఈ చర్చలో ఎక్కడా రాదు.

జరగనిది ఏమిటో ముందు చూద్దాం. కాన్ఫిగరేషన్‌ను ప్రాపర్టీస్ ఫైలుగా తీయడం, తిరిగి వర్తింపజేయడం అనే ఈ సదుపాయం వెబ్‌స్పియర్‌లోకి 2008 నాటి 7.0 వెర్షన్‌తో వచ్చింది. దాని స్వభావం మీరు పోలిక చేసేటప్పుడు గమనించే ఉంటారు: ఫైలులో ఉన్న విలువను అది సర్వర్‌లో పెడుతుంది, ఫైలులో లేనిదాని జోలికి పోదు. ఒకటో సర్వర్ ఫైలులో సర్వర్ స్థాయి డేటా సోర్స్ ఊసే ఉండదు కాబట్టి, దాన్ని మూడో సర్వర్‌కు వర్తింపజేసిన తరవాత కూడా అక్కడి డేటా సోర్స్ అలాగే నిలిచి ఉంటుంది. ఒకే జేఎన్‌డీఐ పేరు రెండు స్థాయిల్లో ఉన్నప్పుడు ఇరుకైన స్థాయిదే చెల్లుతుంది గనుక, అప్లికేషన్ యథాప్రకారం 60 కనెక్షన్ల పూల్‌నే వాడుకుంటూ ఉంటుంది. ఆదివారం ఉదయానికి మీ చేతిలో ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అనే నివేదిక ఉంటుంది, సర్వర్లు మాత్రం వేరువేరుగానే నడుస్తుంటాయి. ఇవాళ తేడా ఉందని మీకైనా తెలుసు. అప్పుడు ఆ తెలివిడి కూడా పోతుంది.

ఇక జరగకూడనివి. మొత్తం సర్వర్‌ను తీస్తే వచ్చే ఫైలు చాలా పెద్దది. అందులో హీప్, థ్రెడ్ పూల్‌లతో (అభ్యర్థనలను నడిపే థ్రెడ్‌ల నిల్వలతో) పాటు పోర్టులు, హోస్టు పేర్లు, లాగ్ దారులు అన్నీ ఉంటాయి. ఫైలు చివరన సెల్ (ఒకే నిర్వహణ కింద ఉన్న నోడ్‌ల సమూహం), నోడ్, సర్వర్ పేర్లు చరరాశులుగా ఒక విభాగంలో ఉంటాయి కాబట్టి, ఆ పేర్లు మార్చితే చాలునని అనిపిస్తుంది. అయితే ఒకే నోడ్ మీద రెండు సర్వర్లు ఉన్న మీలాంటి అమరికలో, ఒకటో సర్వర్ పోర్టు సంఖ్యలు రెండో దానికి వచ్చి కూర్చుంటే, రీస్టార్ట్ చేసినప్పుడు రెండోది పైకి లేవదు. ఇది శనివారం అర్ధరాత్రి తెలుసుకోవాల్సిన విషయం కాదు.

హీప్, పూల్ వంటి ఎంపిక చేసిన విలువలను మాత్రమే సమం చేయమని మేనేజరు అనవచ్చు. అప్పుడు కూడా ఆయన ముందు కొన్ని లెక్కలు పెట్టండి. కనెక్షన్ పూల్ ప్రతి సర్వర్‌కూ విడిగా ఏర్పడుతుంది. ఇప్పుడు మూడు సర్వర్లు ముప్పయ్యేసి, ఒకటి అరవై, అంటే డేటాబేస్ మీద గరిష్ఠంగా 150 కనెక్షన్లు పడతాయి. అన్నిటినీ 60 చేస్తే అది 240 అవుతుంది. డేటాబేస్ నిర్వాహకులు అంత భారానికి ఒప్పుకున్నారా అన్నది వాళ్లను అడిగి తెలుసుకోవాలి. అన్నిటినీ 30 చేస్తే, నెలాఖరున మూడో సర్వర్‌లో కనెక్షన్ దొరకని అభ్యర్థనలు వరసలో నిలబడతాయి. కనెక్షన్ కోసం వేచి ఉండే గడువు ఎవరూ మార్చకపోతే 180 సెకన్లు. మూడు నిమిషాల పాటు ఒక్కొక్క థ్రెడ్ కదలకుండా ఆగిపోతుంటే, వెబ్ కంటెయినర్‌కు (వెబ్ అభ్యర్థనలను అందుకునే భాగానికి) మామూలుగా ఉండే 50 థ్రెడ్‌లు నిండిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ తరవాత నివేదికలతో సంబంధం లేని వాడుకదారులకు కూడా ఆ సర్వర్ జవాబు చెప్పదు. ఇక ఏజ్డ్ టైమ్‌అవుట్ సంగతి. సున్నా అంటే కనెక్షన్‌కు వయసు పరిమితి లేదని అర్థం. అది 1500 సెకన్లు ఉందంటే, సర్వర్‌కూ డేటాబేస్‌కూ మధ్య ఉన్న ఫైర్‌వాల్ కొంతసేపు కదలిక లేని కనెక్షన్లను చెప్పకుండా తెంచేస్తుంటే, దానికి ముందే పాతవాటిని వదిలించుకోవడానికి ఎవరో ఆలోచించి పెట్టిన విలువ కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. అదే నిజమైతే సరిచేయాల్సింది మూడో సర్వర్‌ను కాదు, మిగతా మూడింటిని.

చూశారా, ఫైలు మీకు ఏమి ఉందో చెప్పింది, ఎందుకు ఉందో చెప్పలేదు. మీరు ఎంత నేర్పుగా ఎన్నిసార్లు తీసినా అది చెప్పదు. ఆ ‘ఎందుకు’ తెలిసిన మనిషి మీ వరసలోనే నాలుగు కుర్చీల అవతల కూర్చుని మీతో మాట్లాడటం మానేశారు. మీ సాంకేతిక చిక్కూ, మీ మనసులోని చిక్కూ వేరువేరు అనుకుని మీరు రాశారు గానీ, రెండూ ఈ ఒక్కచోటే ముడిపడ్డాయి.

కాబట్టి శనివారానికి మీ ముందున్న దారులు ఇవి. వాయిదా అడగవచ్చు, మేనేజరుకు అది వెనకడుగులా కనిపిస్తుంది, సీనియర్‌కు భయపడుతున్నారన్న అనుమానం కూడా కలగవచ్చు. చెప్పినట్టు చేసేయవచ్చు, దాని ఫలితం పైన రాశాను. మూడోది, ఆ సమయాన్ని ఉంచుకుని పనిని మార్చడం: ఆ రాత్రి డిప్లాయ్‌మెంట్ మేనేజర్ (అన్ని సర్వర్ల సెట్టింగులనూ నిర్వహించే ప్రధాన ప్రాసెస్) మీద కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసి, నాలుగు సర్వర్ల స్థితినీ ఫైళ్లుగా భద్రపరిచి, ఎవరికీ అభ్యంతరం లేని ఒక చిన్న మార్పును, ఉదాహరణకు ఒక లాగ్ ఫైలు గరిష్ఠ పరిమాణాన్ని, ఫైలు ద్వారా మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూపడం. ఈ దారిలో మేనేజరుకు ఆడిటర్లకు చూపించదగిన నిజమైన పని దొరుకుతుంది, మీకు తేడాల వెనక కారణాలు కనుక్కునే వ్యవధి దొరుకుతుంది. నేను మీ స్థానంలో ఉంటే దీన్నే ఎంచుకుంటాను. బ్యాకప్ కమాండు మామూలుగా నడిపితే ఆ ప్రొఫైల్‌లో నడుస్తున్న డిప్లాయ్‌మెంట్ మేనేజర్‌ను ఆపేస్తుందనీ, ఆపకుండా తీయడానికి నోస్టాప్ అనే ఎంపిక ఇవ్వాలనీ, అలా తీసేటప్పుడు కన్సోల్‌లో ఎవరూ ఏమీ మార్చకుండా చూసుకోవాలనీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు పట్టిక. మీకు ఇది నీతికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తోంది. అంతకుముందు ఇది వాస్తవానికి సంబంధించిన ప్రశ్న. మీ జట్టులో అందరూ ఒకే అడ్మిన్ ఐడీతో లాగిన్ అవుతారని మీరే రాశారు. మార్పులను వ్యక్తుల వారీగా నమోదు చేసే సెక్యూరిటీ ఆడిటింగ్ సదుపాయం వెబ్‌స్పియర్‌లో ఉన్నా, దాన్ని విడిగా ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. మీ దగ్గర చేయలేదు. చేసి ఉన్నా, అందరిదీ ఒకే ఐడీ అయితే అది చెప్పగలిగేది కొంచెమే. తీసిన ఫైళ్లలో విలువలు ఉంటాయి తప్ప వాటిని ఎవరు, ఏ రోజున పెట్టారన్నది ఉండదు. అంటే మేనేజరు అడిగిన రెండు నిలువు వరసలను నింపడానికి మీ దగ్గర ఆధారం లేదు. ఆధారం లేనిచోట పేరు రాయడం కృతఘ్నత అవునో కాదో తరవాతి మాట, ముందు అది అసత్యం రాసే ప్రమాదం.

అయితే మీరు ఇంకొక వాక్యం కూడా రాశారు, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. మూడో సర్వర్ డేటా సోర్స్‌ను ఒక నెలాఖరు రాత్రి తానే పెట్టానని మీ సీనియర్ మీతో ఒకసారి చెప్పారు. మేనేజరు సూటిగా అడిగితే తెలియదని చెప్పవద్దు. ఆ అబద్ధం బయటపడిన రోజున మీ మాటకూ, మీ ఫైళ్లకూ కూడా విలువ పోతుంది. ఆ మార్పు ఒక సమస్య రాత్రి, సర్వీసును నిలబెట్టడం కోసం, అప్పటి జట్టు అందరి ఎరుకలో జరిగిందని, కారణం రాయించే పని ఇప్పుడు మొదలుపెట్టానని చెప్పండి. ఆ రాత్రి టికెట్ దొరికితే దాని సంఖ్య జతచేయండి. ‘ఎవరు’ అనే వరస స్థానంలో ‘కారణం’, ‘ఉంచాలా తీయాలా’, ‘ఎవరు నిర్ణయిస్తారు’ అనే మూడు వరసలతో పట్టిక ఇస్తే, ఆడిటర్లకు కావలసింది అందులో ఉంటుంది. పాత మార్పుకు బాధ్యుడెవరన్నదాని కంటే, ఇకపై ఆమోదం లేకుండా మార్పు జరగదన్న హామీని వాళ్లు ఎక్కువగా చూస్తారు. ఫలానా తేదీ నుంచి ప్రతి అడ్మిన్‌కూ సొంత ఐడీ, సెట్టింగులు మార్చేవారికి కాన్ఫిగరేటర్ పాత్ర, ఆపడం మొదలుపెట్టడం మాత్రమే చూసేవారికి ఆపరేటర్ పాత్ర ఇస్తామని దాని కిందే రాయండి. అయినా మేనేజరు పేర్లే కావాలని పట్టుబట్టవచ్చు. అప్పుడు, ఆ వివరాలు సేకరించాల్సింది జట్టులో చిన్నవారైన మీరు కాదనీ, ఆయనే సీనియర్‌ను పిలిచి అడగడం సరైన పద్ధతి అనీ మర్యాదగా, మెయిల్‌లో చెప్పే హక్కు మీకు ఉంది. దానివల్ల ఆయనకు కొంత చిరాకు కలుగుతుంది, అది మీరు భరించాలి.

ఇక అన్న విషయం. వాసాలు లెక్కపెడుతున్నావా అన్న మాట మిమ్మల్ని అంతగా గుచ్చుకోవడానికి కారణం, మీరు నిజంగానే తేడాలు లెక్కపెడుతూ ఉండటం. ఆ మాటను కొంచెం ఆయన వైపు నుంచి చూడండి. పదేళ్లకు పైగా సర్వర్లు పడిపోకుండా కాపాడిన మార్పులు ఇవాళ ‘తేడాలు’ అనే పేరుతో ఎర్రరంగు గీతల కింద తెర మీద కనిపిస్తున్నాయి. వాటిని తప్పులు అన్నది మీరు కాదు. పోల్చి చూపే సాఫ్ట్‌వేర్ స్వభావమే అది, మారిన ప్రతిదాన్నీ ఒకే రంగులో చూపుతుంది. కానీ ఆ తెర మీ డెస్కు మీద ఉంది. మీరు ఆయనతో మాట్లాడటానికి ముందే మేనేజరుకు చూపించారు. ఇందులో మీ దురుద్దేశం ఏమీ లేదు, అయినా ఆయనకు కలిగిన బాధలో కొంత ఈ వరస తారుమారు కావడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం.

మీరు ఆయన్ను పక్కన పెట్టి ఒంటరిగా పని పూర్తిచేయవచ్చు. మీ సామర్థ్యానికి అది సాధ్యమే, గడువులోగా కూడా అవుతుంది. కాకపోతే మీ ఫైళ్లలో కారణాలు లేని విలువలు ఉంటాయి. రెండేళ్ల తరవాత వచ్చే మరొక అమ్మాయి 1500 అన్న సంఖ్యను చూసి, ఎందుకో తెలియక సున్నా చేస్తుంది. లేదా మేనేజరు ద్వారా ఆయనకు అధికారికంగా పని అప్పగింపజేయవచ్చు: ఫలానా తేదీలోగా ప్రతి విలువకూ కారణం రాసి ఇవ్వాలి అని. కాగితం మీద ఇది పటిష్ఠమైన పద్ధతే గానీ, మనసు కష్టపెట్టుకున్న మనిషి నుంచి అలా వచ్చే జవాబులు ‘అవసరాన్ని బట్టి మార్చబడినది’ అన్నట్టుగా ఉంటాయి. మూడో దారి, ఆయన్ను ఆ ఫైళ్లకు ఆమోదం తెలిపే వ్యక్తిగా ఉంచడం: గిట్‌లోకి (ఫైళ్ల మార్పుల చరిత్రను భద్రపరిచే పనిముట్టులోకి) ఏ ఫైలు వెళ్లాలన్నా ఆయన చూసి సరే అనాలి, కారణం ఆయన మాటల్లో ఫైలులోనే వ్యాఖ్యగా ఉండాలి, మార్పు చరిత్రలో ఆయన పేరు సమీక్షకుడిగా ఉండాలి. ఇది నెమ్మదిగా సాగుతుంది. ఆయన మొదట నిరాకరించవచ్చు కూడా. కానీ మొదలైతే, మనసులో ఉన్నది ఫైలులోకి వచ్చే దారి నాకు తెలిసినంతలో ఇదే.

మాట కలపడానికి మీ ఉత్తరంలోనే ఒక సందు కనిపించింది. ఆయన హోమ్ డైరెక్టరీలో పాత జాకల్ (ఒక స్క్రిప్టు భాష) స్క్రిప్టులు ఉన్నాయని మీరు యథాలాపంగా రాశారు. అంటే ఆయన మొదటి నుంచీ కన్సోల్ మనిషి కాదు. ఒకప్పుడు స్క్రిప్టులు రాసి, ఏదో కారణం చేత మానేసిన మనిషి. వెబ్‌స్పియర్ స్క్రిప్టులను నడిపే డబ్ల్యూఎస్‌అడ్మిన్‌లో ఆ రోజుల్లో జాకల్‌దే రాజ్యం. తరవాత ఐబీఎం మొగ్గు జైథాన్ (జావా మీద నడిచే పైథాన్) వైపు మళ్లి, జాకల్‌ను జైథాన్‌లోకి మార్చే ఒక పనిముట్టును కూడా విడుదల చేసింది. ఆ పాత స్క్రిప్టుల్లో ఒకదాన్ని తీసుకుని, ‘అన్నా, ఇది ఏం చేసేది, దీన్ని జైథాన్‌లో మళ్లీ రాద్దామా’ అని అడగండి. పట్టిక సంగతి మీరు ఎలా తేల్చారో కూడా ఆ పూటే మీ నోటితోనే చెప్పండి, ఇతరుల ద్వారా తెలియనివ్వకండి. కన్సోల్ వాడకాన్ని ఆయన ఒక్కరోజులో మానాల్సిన అవసరం కూడా లేదు. కన్సోల్ ప్రిఫరెన్సుల్లో కమాండ్ అసిస్టెన్స్ లాగింగ్‌ను ఆన్ చేస్తే, ఆయన క్లిక్ చేసే చాలా పనులకు సరిపడే జైథాన్ కమాండ్లు ఒక లాగ్‌లో పడతాయి. యూఏటీలో ఆయన తన పద్ధతిలో మార్పు చేస్తారు, మీరు ఆ లాగ్ పట్టుకుని స్క్రిప్టు కడతారు.

ఫైళ్ల అమరిక గురించి కొన్ని మాటలు చెప్పాలి, ఎందుకంటే అమరిక సరిగా లేకపోతే అన్న సమీక్ష చేయాలనుకున్నా చేయలేరు. వేల వరసల ఫైలును ఏ మనిషీ చదవలేడు. మొత్తం సర్వర్‌ను ఒక్కసారిగా తీసినదాన్ని రికార్డుగా మాత్రమే ఉంచండి, వర్తింపజేయడానికి వాడకండి. వర్తింపజేసేవి చిన్నవిగా ఉండాలి: జేవీఎంకు (జావా ప్రోగ్రాములను నడిపే యంత్రాంగానికి) ఒకటి, డేటా సోర్స్‌లకు ఒకటి, థ్రెడ్ పూల్‌లకు ఒకటి. వాటిలో మీరు నిజంగా నిర్ణయించిన విలువలే ఉంచి, డిఫాల్టుగా ఉన్నవాటిని తీసేయండి. సెల్, నోడ్, హోస్టు పేర్లు యూఏటీకీ ప్రొడక్షన్‌కూ వేరువేరు చరరాశుల ఫైళ్లలో ఉండాలి. వర్తింపజేసే కమాండుకు ఆ ఫైలును విడిగా ఇవ్వవచ్చు. యూఏటీ ఫైలు పొరపాటున ప్రొడక్షన్‌లో పడుతుందేమోనన్న మీ భయం సరైనదే. దానికి స్క్రిప్టు మొదట్లోనే, తాను ఇప్పుడు కనెక్ట్ అయిన సెల్ పేరును అడిగి, ఫైలులోని పేరుతో సరిపోకపోతే అక్కడే ఆగిపోయేలా రాయండి. ముందుగా సరిచూసే వాలిడేట్ కమాండు ఈ పొరపాటును పట్టుకోలేదు. అది ప్రాపర్టీ పేరు తప్పినా, అంకె ఉండాల్సినచోట అక్షరాలు ఉన్నా చెబుతుంది గానీ, యూఏటీ డేటాబేస్ చిరునామా కూడా దాని దృష్టిలో చక్కని చిరునామాయే.

స్క్రిప్టు చేయాల్సిన మిగతా పని ఒక వరసలో ఉంటుంది. సరిచూడటం, వర్తింపజేయడం, లోపాలనూ మార్పులనూ మాత్రమే చూపే నివేదికను ఫైలుగా తీయడం, ఆ నివేదికను మనిషి చదవడం, ఆ తరవాతే సేవ్ చేయడం. సేవ్ చేసేదాకా మార్పులన్నీ మీ వర్క్‌స్పేస్‌లోనే ఉంటాయి. నచ్చకపోతే రీసెట్ చేసి బయటికి రావచ్చు. సేవ్ తరవాత నోడ్‌లకు సింక్, ఆ తరవాత ఒక్కొక్క సర్వర్‌నే రీస్టార్ట్ చేయడం. డిప్లాయ్‌మెంట్ మేనేజర్ నడుస్తుండగా, దానికి కనెక్ట్ కాకుండా స్థానికంగా ఫైళ్లను మార్చే పద్ధతిని మాత్రం ఎంత తొందరలోనూ వాడకండి. ఆ నివేదికను చేంజ్ రిక్వెస్ట్‌కు జతచేస్తే, మేనేజరు కోరిన ‘ఎవరు, ఎప్పుడు’ ఇకముందు జరిగే ప్రతి మార్పుకూ దానంతట అదే దొరుకుతుంది.

పాస్‌వర్డుల విషయంలో గట్టిగా ఉండండి. వెబ్‌స్పియర్ ఫైళ్లలో ఎక్స్ఓఆర్ అన్న గుర్తుతో కనిపించేది భద్రమైన గుప్తలిపి కాదు. ఎవరైనా క్షణంలో విప్పగలిగిన మరుగు మాత్రమే. డేటా సోర్స్ ఫైలులో ఆథెంటికేషన్ అలియాస్ (పాస్‌వర్డును సూచించే మారుపేరు) పేరు ఉంటే చాలు. అసలు పాస్‌వర్డు గిట్‌లోకి వెళ్లకూడదు, స్క్రిప్టు నడిచేటప్పుడు భద్రమైన చోటు నుంచి తీసుకోవాలి. ఒకసారి గిట్ చరిత్రలో పడితే, తరవాత ఆ వరసను తొలగించినా అది చరిత్రలో ఉంటుంది.

మీ స్క్రిప్టు తన సొంత ప్రాపర్టీస్ ఫైలును జావా పద్ధతిలో చదువుతోందని రాశారు, కనుక ఈ చిన్న విషయాలు కూడా చూసుకోండి. విలువ చివర మిగిలిన ఖాళీని జావా తీసేయదు. కంటికి కనిపించని ఆ ఖాళీతో సహా డేటా సోర్స్ పేరు తయారవుతుంది. ఒకే పేరు రెండుసార్లు ఉంటే చివరిది చెల్లుతుంది, హెచ్చరిక ఏమీ రాదు. విండోస్ దారిలోని ఒంటి బ్యాక్‌స్లాష్‌ను మింగేస్తుంది. వరస మధ్యలో హాష్ గుర్తు పెడితే, వెబ్‌స్పియర్ తీసిన ఫైలులో అది వ్యాఖ్య, మీ సొంత ఫైలులో అది విలువలో భాగం. అన్న చెప్పిన కారణాలను వ్యాఖ్యలుగా రాయబోతున్నారు కాబట్టి, మీ సొంత ఫైళ్లలో అవి విడి వరసగానే ఉండాలి. మీ వెర్షన్‌లో డబ్ల్యూఎస్‌అడ్మిన్ మామూలుగా వాడేది 2001 చివర విడుదలైన జైథాన్ 2.1. ఇవాళ్టి పైథాన్ అలవాటుతో రాసినవి అందులో కొన్ని నడవవు. ట్రూ, ఫాల్స్ అనే పేర్లు కూడా అందులో లేవు. ఇలాంటిచోట అన్నకు ఉన్న పాత అనుభవం మీకు బాగా ఉపయోగపడుతుంది.

స్క్రిప్టులు వస్తే ఆయన ఉద్యోగం పోతుందా అని అడిగారు. కంపెనీలు ఎవరిని ఉంచుతాయో, ఎవరిని పంపుతాయో హామీ ఇవ్వడం నా తరం కాదు, మీ తరమూ కాదు. ఆ హామీ ఆయనకు ఇవ్వకండి. చెప్పగలిగింది ఇంతే: విలువలను ఒకచోటి నుంచి మరోచోటికి ఎక్కించే పని స్క్రిప్టు చేస్తుంది. నెలాఖరున పూల్ నిండిపోతున్నప్పుడు పెంచాల్సింది పూల్‌నా, తగ్గించాల్సింది క్వెరీ వ్యవధినా, మాట్లాడాల్సింది డేటాబేస్ వాళ్లతోనా అన్నది అది తేల్చదు. ఆయన భవిష్యత్తు మీరు స్క్రిప్టు రాయకపోవడం మీద ఆధారపడి లేదు. క్లయింటు అడిగారు, మీరు కాకపోతే మరొకరు రాస్తారు. ఆ మరొకరికి ఆయన విలువ తెలిసి ఉండదు. మీకు తెలుసు. మీ అమ్మగారికి కూడా ఇదే చెప్పండి.

బదిలీ అడగడం తప్పు కాదు. క్లౌడ్ జట్టులో మీకు నేర్చుకోవడానికి చాలా ఉంటుంది. వెబ్‌స్పియర్ వంశంలోనే వచ్చిన లిబర్టీలో సెట్టింగులన్నీ మొదటి నుంచీ సర్వర్ ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో చదవగలిగేలా ఉంటాయి, మీ ఇప్పటి పని అక్కడ మీకు పునాది అవుతుంది. అయితే ఈ వారమే వెళ్లిపోతే, సగం తీసిన ఫైళ్లు, ఖాళీగా ఉన్న పట్టిక, ఎవరు పూరించాలో తేలని పేర్ల వరస ఇక్కడ మిగులుతాయి. ఆ మిగిలినదంతా ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. త్రైమాసికం ముగిసేదాకా ఉండి వెళ్లడం రెండో దారి. మీరు అదే ఎంచుకుంటే, వెళ్లేముందు యూఏటీలో ఒక పరీక్ష పెట్టండి: జట్టులో అందరికంటే కొత్తగా చేరిన వ్యక్తి, గిట్‌లో ఉన్న ఫైళ్లూ స్క్రిప్టులూ మాత్రమే పట్టుకుని, కొత్తగా సృష్టించిన ఒక సర్వర్‌ను ప్రొడక్షన్ మూడో సర్వర్ స్థితికి తీసుకురావాలి, మీరూ అన్నా పక్కన కూర్చుని, కీబోర్డు ముట్టకుండా, వాళ్లు ఎక్కడ ఆగిపోయి ప్రశ్న అడిగారో రాసుకోవాలి. ఆ ప్రశ్నలకు జవాబులు ఫైళ్లలోకి చేరిన తరవాతి తేదీతో బదిలీ దరఖాస్తు పెట్టుకోండి. ఆ పరీక్ష నివేదికను దరఖాస్తుకు జతచేసి, సమీక్షకుడిగా అన్న పేరు ముందూ, తయారుచేసినవారిగా మీ పేరు తరవాతా రాయండి.